అరువు జడ : గుణదోష విచారము

నాట్యప్రదర్శనములను గూర్చి వ్రాయువారు సాధారణముగా గానమును, తాళమును, అభినయమును విచారింతురు. వేషమును గూర్చి ఒకటి రెండు మెచ్చుకోలు మాటలు చెప్పి ఊరకుందురు. నర్తకి వీపున వ్రేలాడు జడను గూర్చి విచారించినవారు అరుదు. అది దువ్వెనకును అద్దమునకును సంబంధించిన స్వల్పవిషయమని వారి తలంపు కావచ్చును. కాని భామాకలాపమును తనదని చెప్పుకొను జాతికి జడ స్వల్పవిషయము కానేరదు. అందులోను ఆ జడలో సగమునకు మించి అరువుదైనప్పుడు దానివలన కలుగు మేలేమి, కీడేమి యని అడుగుట విమర్శకునకు తగిన పనియే. ఈ నడుమ మన సంఘములకు చెందిన కుటుంబములలో నాట్యము నేర్చుకొను బాలికలకు పూర్వమువలె సవరము కట్టవలెనా, లేక పట్టణములలో ఇటీవల వచ్చిన పద్ధతిని అరువుజుట్టును తలపైననే కుట్టించి వారములకొలది ఉంచవలెనా అను చర్చ పుట్టినది. ఆ చర్చలో మా పాలు మేమును చెప్పదలచితిమి.

సవరము అను మాటకు మన నిఘంటువులందు రెండర్థములు కానవచ్చును. చమరీమృగపు వాలకేశములు ఒకటి. స్త్రీలు తమ జడకు చేర్చుకొను కృత్రిమకేశములు మరియొకటి. చమరీమృగమునకు సవరపుమెకమని పేరు. దేవునకు వీచు చామరమును, జడకు చేర్చు సవరమును ఒకే మాట సంతానములని తెలిసిన పిమ్మట ఈ వస్తువును నవ్వుటాలకు తీసికొనుట కష్టము. తమిళదేశమున దీనిని సవురి యందురు. కన్నడదేశమున చౌరి యందురు. మరాఠీలో గంగావన్ అందురు. మన ఇండ్లలో పెద్దలు తాము స్థిరపడిన దేశమును బట్టి ఈ పేర్లలో ఏదో యొకటి వాడుచునే యున్నారు. మదరాసులో పుట్టిపెరిగిన తెలుగు ముత్తైదువ సవురి యన్నంతమాత్రమున ఆమె భాష చెడినదనుకొన నక్కరలేదు. ఒక్క చామరమే ఇరుగుపొరుగు గడపలను దాటివచ్చినది, అంతియే.

ఇతరుల కేశములను చేర్చి తలను అలంకరించుట నాట్యమునకు క్రొత్త గాదు. భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించి, ఆహార్యమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. అవంతీయువతులకు ముంగురులు, ఆభీరయువతులకు రెండు జడలు అని దేశభేదమును బట్టి కేశరచనను సయితము నిర్దేశించెను. పాత్రయొక్క తల ఆమె దేశమును చెప్పవలెను, స్థితిని చెప్పవలెను. నటుని సొంతజుట్టు ఎట్టిదన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

ఇంటిలోని సవరమును గూర్చి మొదట చెప్పి రంగస్థలమునకు పోవుదము.

'కొప్పున్నమ్మ ఏ ముడి వేసినను చెల్లును' అను సామెత కొప్పు లేని అమ్మను గూర్చి ఏమియు చెప్పదు. ఆ లోటును తీర్చినది సవరము. సన్నని జుట్టుగల పిల్లకు పెండ్లినాడు పూలజడ కుట్టవలెనన్న సవరము లేక పని సాగదు. మల్లెమొగ్గలను వరుసలు తీర్చి కుట్టుటకు వెడల్పు కావలెను. నాగరమును, జడబిళ్ళలను నిలుపుటకు దట్టము కావలెను. చివర కుప్పెలు వ్రేలాడుటకు నిడివి కావలెను. ప్రసవమైన కొన్ని మాసములకు జుట్టు రాలిన స్త్రీకిని, తీవ్రజ్వరము నుండి లేచిన స్త్రీకిని, అది తిరిగి పెరుగువరకు సవరము తోడుపడును. మనుష్యుల జుట్టు మాసమునకు ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును గనుక నడుము దాక జడ కావలెనన్నచో ఏండ్లు వేచియుండవలెను. అంత ఓపిక పెండ్లివారికి ఉండదు.

పూర్వము మన ఇండ్లలో సవరమునకు కావలసిన జుట్టు చాలవరకు ఇంటిలోనే దొరకెడిది. దువ్వెనకు వచ్చిన చిక్కుజుట్టును చుట్టచుట్టి చూరున దోపి, లేదా గుడ్డసంచిలో వేసి, ఏండ్లతరబడి కూడబెట్టెడివారు. ఆరోగ్యముగానున్న తలనుండియే దినమునకు ఏబది మొదలు నూరు వెంట్రుకలవరకు రాలుట సహజము గనుక ఆ సంచి నిండుటకు వ్యాధి అక్కరలేదు. ఆ జుట్టును కడిగి, చిక్కుతీసి, మూడుపాయలుగా కట్టించిన సవరము ఒక విధముగా అరువుది కాదు. పడుచుదనపు జుట్టును ముసలితనమునకు దాచుకొనుట. అందులో ఒక హాస్యమును లేకపోలేదు. తల నెరసిన పిమ్మట కూడ సవరము నల్లగానే యుండును. మెడ పైన అరువదియేండ్ల వయస్సును, మెడ క్రింద ఇరువదియేండ్ల వయస్సును గల పెద్దమ్మలను మేము పెండ్లిపందిళ్ళలో ఎందరినో చూచితిమి. వారు దానికి సిగ్గుపడలేదు. సవరము కట్టుకొన్నదని అందరును ఎరుగుదురు, ఆమెయు దాచదు. రాత్రి పరుండునప్పుడు విప్పి చిలుకకొయ్యకు తగిలించును. ఈ చివరి సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. మా వాదమంతయు దానిపైననే ఆధారపడియున్నది.

ఇక రంగస్థలము.

కూచిపూడి భాగవతుల భామాకలాపమున సత్యభామ ప్రవేశించు విధము మన నాట్యమునందలి గొప్ప కల్పనలలో ఒకటి. ఇద్దరు మనుష్యులు తెర పట్టి నిలుతురు. తెర వెనుక సత్యభామ సభకు వీపు త్రిప్పి నిలిచి, తన జడను తెరమీదుగా సభవైపునకు వేయును. ముఖము కానరాదు. క్రింద పాదములు, పైన జడ. ఈ రెంటి నడుమ ఉన్నదానిని ప్రేక్షకుడు ఊహించుకొనవలెను. ఆ జడ సామాన్యమైన జడ కాదు. సూర్యచంద్రవంకలతో, నాగరముతో, బిళ్ళలతో, కుచ్చులతో తీర్చిన ఆ జడకు సంప్రదాయజ్ఞులు విశ్వమునంతటిని సంకేతముగా చెప్పుదురు. జడను వేయుట సభకు సవాలని కూడ చెప్పుదురు. పాటలో గాని, ఆటలో గాని, శాస్త్రములో గాని తన్ను మించినవారు సభలో ఉన్నచో వచ్చి ఆ జడను కోయవచ్చునని ఆ వేషధారి పందెము. సిద్ధేంద్రయోగి పేరిట వచ్చిన సంప్రదాయమున ఈ పందెపుమాట నేటికిని కూచిపూడివారి నోట నిలిచియున్నది.

ఇచ్చట మేము ఒక సంగతి గమనింపుడని కోరుచున్నాము. పందెమొడ్డిన ఆ జడ వేషధారి యొక్క సొంతజుట్టు కాదు. తరతరములుగా ఆ వేషము కట్టినవాడు పురుషుడు. వాని జడ సవరమని సభలోని పసిబిడ్డ యెరుగును. దానిని కోసినచో వానికి వెంట్రుకవాసి నష్టము లేదు, జుట్టు విషయమున. నష్టమంతయు ప్రతిష్ఠకు. సొంతజుట్టును కోయుదుమన్నచో అది మోటుదనమగును, హింస యగును. జడ అరువుది గనుకనే దానిని కళకు పందెముగా ఒడ్డుటకు వీలైనది. కథ కూడ దీనికి అనుకూలించుచున్నది. అద్దము ముందు నిలిచి మన యిద్దరిలో ఎవరు అందగాండ్రని కృష్ణుడడుగగా నేనే యని చెప్పి ఎడబాటు తెచ్చుకొన్న స్త్రీ సత్యభామ. ఆమె సౌందర్యగర్వమంతయు ఏ జడయందు మూర్తీభవించినదో, ఆ జడ విప్పి తీసివేయదగినదిగా నుండుట నాటకమునకు ఎంత యనుకూలమో చూడుడు. గర్వము తలతో పుట్టినది కాదు, తలకు చేర్చుకొన్నది. ఈ వ్యాఖ్యానము మాది. సంప్రదాయజ్ఞులు అంగీకరించినను, అంగీకరింపకున్నను మాకు సమ్మతమే.

ఈ జడకు ప్రాణము పోసినవారిలో వేదాంతం సత్యనారాయణశర్మగారిని స్మరింపక తప్పదు. 1935లో పుట్టి 2012లో కీర్తిశేషులైన ఆయన సత్యభామ వేషమునకు పర్యాయపదమైరి. నాటకరంగమున అట్టివారు స్థానం నరసింహారావుగారు. శ్రీకృష్ణతులాభారమున ఆయన సత్యభామ ఆంధ్రదేశమునంతటను ఉఱ్ఱూతలూపినది. 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. మహారాష్ట్రమున స్థిరపడిన మనవారు బాలగంధర్వుని పేరు చెప్పినప్పుడు మేము స్థానమువారి పేరు చెప్పి సమాధానపడుచుందుము. ఈ మహానుభావులెవరును తమ జడ తమదేనని నమ్మింపజూచినవారు కారు. అరువు జడ ధరించియు స్త్రీయని భ్రమింపజేయుటలోనే వారి విద్య యున్నది. జడ నిజమైనదైనచో ఆ విద్యకు మెప్పేమి?

తంజావూరు మండలమున మెలట్టూరులో నేటికిని నరసింహజయంతి సమయమున భాగవతమేళము ఆడుచున్నారు. నాటకములు మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారి తెలుగు కృతులు, ఆడువారు పురుషులు, చూచువారిలో అధికులు తమిళులు. ప్రహ్లాదచరిత్రమున లీలావతి జడ కట్టి వచ్చునప్పుడు ఆ దేవాలయవీథిలో ఆ వేషధారి ఎవరి కుమారుడో, పగలు ఏ యుద్యోగము చేయునో ఎరుగని వారుండరు. ఎరిగియే కన్నీరు పెట్టుదురు. అరువు జడ యొక్క ప్రయోజనము ఏమని మమ్మడిగినచో మెలట్టూరు పోయి చూడుడని చెప్పుదుము. ఉత్తరాంధ్రమున తూర్పు భాగవతులును భామాకలాపమును ఆడుదురు. బరంపురము, గంజాము వారికి అది దూరపు చుట్టము కాదు. యానామునకు పొరుగైన గోదావరీతీరమున కళావంతులైన స్త్రీలు ఇదే కలాపమును ఆడిరి. స్త్రీలు సత్యభామను ఆడుట నేటి సినిమాకాలపు వింత కాదనుటకు ఇది చాలును. 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటకసమాజమున కూడ స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి.

వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన తరువాత ఈ నాట్యము మన వలసకుటుంబముల బాలికలకు విశేషముగా అందుబాటులోనికి వచ్చినది. బెంగుళూరు మొదలు బొంబాయి వరకు తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లకు తెలుగు లిపి రాకున్నను భామాకలాపపు ప్రవేశదరువు రావలెనని కోరుదురు. కోరికలో తప్పు లేదు. అయితే ఈ మార్పుతో జడయొక్క స్వభావమును మారినది. పురుషుని వీపున జడ వేషము. బాలిక వీపున జడ ఆమె జడయేనని సభ అనుకొనును. అనుకొనవలెనని ఆమె తల్లియు కోరును. అరువుజుట్టును దాచవలెనను ఆరాటము మన నాట్యములో మొదలైనది ఇక్కడనే.

కొన్ని యేండ్ల క్రిందట ఒక నగరమున ఉగాదిసభలో మేము చూచిన సంగతి యొకటి. పదునాలుగేండ్ల బాలిక ప్రవేశదరువు ఆడుచుండగా, భ్రమరి తిరుగు వేళ సవరపు ముడి సడలి జడ సగము జారినది. ఆమె రెండు క్షణములు తడబడి, జడను భుజముమీదినుండి ముందునకు తెచ్చుకొని, ఎడమచేత పట్టుకొని, సత్యభామకు సహజమైన విసురుతో మిగిలిన దరువును ముగించినది. మా ప్రక్కనున్న వృద్ధుడొకడు ఆ సాయంకాలమంతటిలో అభినయమన్న దొక్కటి అదియేనని పలికెను. మేమును అట్లే తలంచితిమి. కాని నేపథ్యమునకు పోయి చూడగా పిల్ల ఏడ్చుచున్నది, తల్లి చింతించుచున్నది, చుట్టములు తలకొక సలహా చెప్పుచున్నారు. వచ్చు సంవత్సరమునకు జారని జుట్టు కుట్టింతమని నిర్ణయమైనది. మాకు ఆ నిర్ణయము నచ్చలేదు, ఎందుకో వివరింపవలసియున్నది.

ముందు జడ జారుటకు కారణము చూడవలెను. ఆనాడు తెర లేదు. అనేకప్రదర్శనములందు నేడు తెర లేకయే ప్రవేశదరువు జరుగుచున్నది. తెర లేకున్నచో జడను తెరమీద వేయు పని లేదు. ఆ పని లేకున్నచో పందెము లేదు. అయినను జడ మాత్రము పూర్వముకన్న పొడవుగా, పూర్వముకన్న బరువుగా వ్రేలాడుచున్నది. అంగడిలో దొరకు నైలాను సవరమునకు తగరపు బిళ్ళలను, గిల్టు నాగరమును జిగురుతో అంటించి, ఎవరి తల ఎంతయని చూడక ఒకే కొలతతో అమ్ముచున్నారు. పదునాలుగేండ్ల పిల్ల మెడ ఆ బరువునకు వెనుకకు లాగబడుచుండగా శిరోభేదములను శుద్ధముగా చూపుట ఎట్లు? ఆ యేటి సభలో ముగ్గురు నర్తకులలో ఇద్దరు తల త్రిప్పుటకు బదులు మొండెమునే త్రిప్పుట మేము గమనించితిమి. అది గురువుల లోపమనరాదు. తలకు పది సూదులు గ్రుచ్చి బరువు కట్టినపుడు ఏ గురువునకైనను అంతకుమించి సాధ్యము కాదు. జడ పనిని తీసివేసి జడ బరువును ఉంచుకొంటిమి. మా ప్రధానమైన ఆక్షేపణ ఇదియే.

ఇప్పుడు కుట్టు పద్ధతిని చూతము. ఇది మన దేశపు కల్పన కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు క్లీవ్లాండు నగరమున క్రిస్టినా జెంకిన్స్ అను నీగ్రోజాతి కేశాలంకరణనిపుణురాలు దీనిని కనిపెట్టి 1952లో పేటెంటు పొందినది. ఆ కాలపు మాటగా నీగ్రో యన్నాము. నేడు వారు ఆఫ్రికన్ అమెరికనులనబడుదురు. సొంతజుట్టును తలకంటిన సన్నని జడలుగా వరుసలల్లి, ఆ వరుసలకు అరువుజుట్టు గల పట్టీలను దారముతో కుట్టుట దీని సారము. ఆ స్త్రీలు కాలిన యినుపదువ్వెనలతోను, తలమంట పుట్టించు క్షారములతోను తమ చుట్టలు తిరిగిన జుట్టును నిటారు చేసికొనవలసిన నిర్బంధములో ఉండిరి. కుట్టిన జుట్టు క్రింద సొంతజుట్టు నిత్యపు కాల్పునుండి తప్పించుకొని కొంతకాలము విశ్రమించుటకు అవకాశము కలిగినది. ప్రతి యుదయమును గంటసేపు తలదువ్వుకొను శ్రమ తప్పినది. వారి అవసరమునుండి వారి చేతిలో పుట్టిన ఉపాయమది. దానిని పరిహసించు హక్కు మనకు లేదు.

ఈ పద్ధతికి మన తలలపైనను కొన్ని గుణములు కలవు. పలుచనైన పాపిటను, కణతలను చక్కగా కప్పును. జారదు. ఉద్యోగము చేయు స్త్రీకి ఆరు మొదలు ఎనిమిది వారములవరకు దినదినము పెట్టుకొను పని యుండదు. నాణెమైన జుట్టుతో నిపుణుడు కుట్టినచో కనిపెట్టుట కష్టము. జబ్బువలన అక్కడక్కడ జుట్టు పలుచబడి, నలుగురిలోనికి పోవుటకు వెనుదీయు స్త్రీకి వైద్యుని అనుమతితో అది ధైర్యమునిచ్చినచో ఆ ధైర్యమునకు వెల కట్టరాదు. క్యాన్సరు చికిత్సవలన జుట్టంతయు పోయినవారికి మాత్రము ఇది పనికిరాదు, కుట్టుటకు ఆధారమే యుండదు గనుక; వారికి పూర్తి విగ్గే శరణ్యము.

దోషములు తక్కువవి కావు. జుట్టును నిరంతరము లాగి బిగించుటవలన కుదుళ్ళు దెబ్బతిని రాలిపోవునని వైద్యులు శతాబ్దమునకు పైగా ఎరుగుదురు. 1907లోనే ట్రెబిట్ష్ అను వైద్యుడు గ్రీన్లాండు స్త్రీలు బిగించి కట్టు ముడులవలన వారి తల అంచులు బట్టగట్టుటను వర్ణించెను. మొదట నుదుటి అంచునను, కణతలయొద్దను చిన్న పొక్కులు లేచును, ఎఱ్ఱబారును, నొప్పి పుట్టును, పిమ్మట పొట్టి వెంట్రుకలు మాత్రము మిగులును. ఆ దశలో లాగుట మానినచో జుట్టు తిరిగి వచ్చును. ఏండ్లు సాగనిచ్చినచో కుదుళ్ళు మచ్చగట్టి పూడిపోవును. అప్పుడు ఏ తైలమును పనిచేయదు. మన జుట్టు సాధారణముగా నునుపై జారుగుణము కలది గనుక పట్టు నిలుచుటకు వరుసలను మరింత బిగించి అల్లవలసివచ్చును. దానిపై నాట్యపు చెమట. చెమటపై కడిగినను లోపల ఆరని తేమ. తేమవలన దురద, చుండ్రు, బూజువ్యాధి. కుట్టుటకు బదులు జిగురుతో అంటించినచో కొందరి చర్మమునకు ఆ జిగురే పడదు. పండ్రెండు నిమిషముల ప్రవేశదరువు కొరకు పెరుగు వయస్సులోని పిల్ల రెండు నెలలు ఈ బిగువును మోయవలెనా? చిలుకకొయ్యకు తగిలించుటకు వీలుగల సవరము ప్రతిరాత్రి తలకు విశ్రాంతినిచ్చును. కుట్టిన జుట్టు ఇవ్వదు. 'ఎరువుసొమ్ము బరువుచేటు' అను సామెత నగలను గూర్చి పుట్టినది గాని దీనికి ఇంకను చక్కగా అతుకును.

జుట్టు ఎక్కడిదన్న ప్రశ్న మిగిలినది. మన కుటుంబములలో తిరుమల కళ్యాణకట్టలో తలనీలములు ఇయ్యనివారు అరుదు. ఆ నీలములను నిడివిని బట్టి తరగతులు చేసి దేవస్థానమువారు వేలము వేయుదురు. వేలముపాట ఇప్పుడు కంప్యూటరుపై జరుగుచున్నది. క్షురకుడు కుదురునుండి ఒక్కపెట్టున తీసిన జుట్టు గనుక ఆ వెంట్రుకలన్నిటి మొదళ్ళు ఒక్కవైపున నుండును. వెంట్రుక పైపొర చేపపొలుసువలె కొసవైపునకు వాలియుండును. అన్నియు ఒకే దిశనున్నచో ఒకదానితో నొకటి రాచుకొని చిక్కుపడవు. వెల హెచ్చుటకు అది ముఖ్యకారణము. దువ్వెనకు వచ్చిన చిక్కుజుట్టులో మొదళ్ళును కొసలును కలగాపులగము. మన అవ్వల సవరము ఎంత దువ్వినను ముద్దకట్టుటకు కారణమదియే గాని వారి చేతివాటము కాదు. వీథులలో తిరిగి గిన్నెలిచ్చి చిక్కుజుట్టు కొనువారిని చదువరులు చూచియే యుందురు. అట్టి జుట్టు కర్ణాటకమున కొప్పళ సమీపమునందలి భాగ్యనగరము వంటి చోట్లకు చేరును. అక్కడ ఆడువారు కూర్చుండి చేతులతో ఒక్కొక్క వెంట్రుకను విడదీయుదురు. ఆ ధూళిలో వారు చేయు పని యొక్క కూలి విగ్గు వెలలో ఎంతవంతో ధరించువారు ఆలోచించుట మంచిది.

2004లో యెరూషలేములోని యూదుల పెద్ద మతాచార్యుడొకడు తిరుమల వంటి క్షేత్రములనుండి వచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు తమవారు ధరింపరాదని తీర్పు చెప్పెను. అది అన్యదేవతకు అర్పించిన వస్తువని వారి యభ్యంతరము. న్యూయార్కులో వారి స్త్రీలు విలువైన విగ్గులను వీథిలో పోసి కాల్చిరి. మన భక్తుడు అర్పించినది అహంకారమునని, మిగిలిన వెంట్రుకలు వట్టి వెంట్రుకలనియు మన పెద్దలు చెప్పుదురు. అయినను, ఇచ్చటి తల్లి మొక్కుగా విడిచిన జుట్టు నెక్కడనో మరియొక తల్లి నిప్పున వేసినదని చదివినప్పుడు ఆ వెంట్రుకలు వట్టివని అనుకొనుట మాకు అంత సులభముగా తోచలేదు.

కాబట్టి నాట్యము నేర్చు పిల్లలకు కట్టు సవరమే తగునని మా అభిప్రాయము. అదియు తలకు సరిపడు బరువుది. బిళ్ళలు తేలిక లోహమువి చాలును. ఎంతటి గిల్టయినను మూడవ వరుసకు మించి కానరాదు. మూడుపాయల సవరమును సొంతజుట్టు పాయలలో కలిపి అల్లి, ముడిని నాలుగువ్రేళ్ళ క్రింద రెండవ దారముతో మరల బిగించినచో భ్రమరికి జారదు. ఇతరమైన అంశములలో జడ కొసను ఒడ్డాణమునకు చిక్కించినచో బరువు నడుము పట్టును. భామాప్రవేశమునకు మాత్రము జడ స్వేచ్ఛగా నుండవలెను, దానిని తెరమీద వేయవలసియున్నది గనుక. పిల్లకు కురచజుట్టు ఉన్నదని సభకు తెలిసిన తెలియనిమ్ము.

తెరను మాత్రము తిరిగి తేవలెను. మన సంఘములు వేదికపై విద్యుద్దీపములకు పెట్టు ఖర్చులో స్వల్పభాగముతో ఒక పట్టుతెర కుట్టించుకొనవచ్చును. రెండు మూరల వెడల్పు, అయిదు మూరల పొడవు చాలును. దానిని పట్టుకొనుటకు ఇద్దరు కావలెను. సంఘపు పెద్దలలో ఎవరైనను ముందునకు రావచ్చును. నాట్యము తెలిసియుండ నక్కరలేదు. దరువు ముగియువరకు చేయి దించకుండిన చాలును.